పల్నాడులో రాజకీయ వ్యంగ్యం: రాత్రి వేదిక నుంచి టీవీ తెర దాకా

నాయకుడి మాటకూ చేతకూ మధ్య ఉన్న దూరాన్ని నవ్వుతో బయటపెట్టేది రాజకీయ వ్యంగ్యం. ఎన్నికల ముందు ఒకటి చెప్పి గెలిచాక మరొకటి చేయడం, ప్రతిపక్షంలో తప్పన్నదాన్ని అధికారంలో ఒప్పనడం, ఎదుటి పార్టీ ఫిరాయింపును తిట్టి తన పార్టీలోకి వచ్చినవారికి కండువా కప్పడం దీనికి నిత్యం దొరికే సరుకు. అమెరికాలో ఈ పని ఎక్కువగా అర్ధరాత్రి ముందు వచ్చే టీవీ హాస్య కార్యక్రమాలు చేస్తాయి. తెలుగునాట మొదట రాత్రిపూట సాగే జానపద ప్రదర్శనలు చేశాయి. తర్వాత పత్రికల్లోని కార్టూన్లు, సినిమాలు, టీవీలోని వ్యంగ్య వార్తలు, చివరికి ఫోన్లలో తిరిగే మీమ్‌లు ఆ పని అందుకున్నాయి. ఈ మార్పుల్లో చాలావాటికి పల్నాడుతో నేరుగా సంబంధం ఉంది.

ప్రాంతం, రాజకీయ నేపథ్యం

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడిపోయి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. పెదకూరపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల అనే ఏడు శాసనసభ స్థానాలు ఇందులో ఉన్నాయి. 2019లో ఈ ఏడింటినీ వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. 2024లో అవే ఏడింటినీ తెలుగుదేశం గెలుచుకుంది. ఐదేళ్ల తేడాలో జిల్లా మొత్తం ఇటు నుంచి అటు మారింది కాబట్టి రెండు పార్టీల హామీలనూ, రెండు పార్టీల పాలననూ ఇక్కడి ఓటరు పూర్తిగా చూశాడు.

1964 నుంచి 1971 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి, విభజన తర్వాత నవ్యాంధ్ర తొలి స్పీకర్‌గా పనిచేసిన కోడెల శివప్రసాదరావు ఈ ప్రాంతం వారే. పార్టీ మారడం ఇక్కడ మామూలు సంగతి. నరసరావుపేట లోక్‌సభ సభ్యుడు లావు శ్రీకృష్ణదేవరాయలు 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున, 2024లో తెలుగుదేశం తరఫున గెలిచారు. సత్తెనపల్లిలో 2024లో తెలుగుదేశం అభ్యర్థిగా గెలిచిన కన్నా లక్ష్మీనారాయణ కాంగ్రెస్ ప్రభుత్వాల్లో మంత్రిగా, తర్వాత రాష్ట్ర బీజేపీ అధ్యక్షుడిగా పనిచేశారు. పార్టీ మారడం నేరం కాదు. అయితే నిన్నటి పార్టీలో ఉండి అన్న మాటలు వీడియోల్లో నిలిచి ఉంటాయి. టీవీ వ్యంగ్యానికి ముడిసరుకు అక్కడే దొరుకుతుంది.

టీవీకి ముందు: తెల్లవార్లూ సాగిన ఆటలు

పల్నాటి వీరగాథే రాజకీయాలకు సంబంధించిన కథ. దాయాదుల పంతం, మంత్రాంగం, కోడిపందెం, రాయబారం, చివరికి కార్యమపూడి (నేటి కారంపూడి) రణం అందులో ప్రధాన ఘట్టాలు. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజుల పాటు జరిగే వీరుల ఉత్సవాలలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే ఘట్టాలను ఒక్కో రోజు ఒక్కొక్కటిగా జరుపుతారు. వీరవిద్యావంతులు ఆ కథను గానం చేస్తారు. ఎవరు మాట ఇచ్చారు, ఎవరు తప్పారు అన్న లెక్క ఆ గానంలో శతాబ్దాలుగా నిలిచి ఉంది. ఇది హాస్యం కాదు. కానీ పాలకుడి మాటను గుర్తుపెట్టుకుని నలుగురిలో మళ్లీ వినిపించే అలవాటు పల్నాడుకు ఇలాంటి చోట్ల నుంచే వచ్చింది.

నవ్వించే పని వేరే కళలు తీసుకున్నాయి. తోలుబొమ్మలాటలో రామాయణ, భారత కథల మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూరి అసలు కథతో సంబంధం లేని ఊరి సంగతులు మాట్లాడతారు. పెత్తందార్ల మీద చురకలు వేసే వెసులుబాటు ఆ పాత్రలకే ఉండేది. పగటివేషాల్లో పిట్టలదొర పాత నిక్కరు, టోపీ, చేతిలో కట్టెతుపాకితో వచ్చి, తనకు లేని భూములు, మేడలు, పలుకుబడి గురించి గొప్పలు చెబుతాడు. వినేవాళ్లకు అవి అబద్ధాలని మొదటి మాట నుంచే తెలుసు. ఊరి ముందు గొప్పలు చెప్పే ప్రతి పెద్దమనిషికీ ఆ వేషం వర్తించేది. ప్రజానాట్యమండలి వంటి సంస్థలు ఈ వేషాన్ని రాజకీయ ప్రచారానికి వాడుకున్నాయి.

వీటన్నిటిలో టీవీ వ్యంగ్యానికి అతి దగ్గరగా ఉండేది బుర్రకథ. మధ్యలో కథకుడు తంబుర పట్టుకుని, చేతి వేళ్లకు అందెలు తొడిగి కథ నడుపుతాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తూ తందాన పలుకుతారు. ఆ ఇద్దరిలో ఒకరు హాస్య వంత, రెండోవారు రాజకీయ వంత. హాస్య వంత అమాయకంగా అడ్డు ప్రశ్నలు వేసి నవ్విస్తాడు. రాజకీయ వంత ఆ పాత కథను నేటి ఊరికీ, నేటి ప్రభుత్వానికీ ముడిపెడతాడు. పాత కథలో రాజు మాట తప్పిన చోట కథకుడు ఆగితే, ఇప్పటి మాట తప్పినవాళ్లను రాజకీయ వంత ఎత్తుకుంటాడు. రాజకీయ వ్యాఖ్యానానికే ఒక మనిషిని కేటాయించిన ఈ ఏర్పాటు టీవీ పుట్టకముందే తెలుగు పల్లెల్లో ఉంది.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళను ఉద్యమ స్థాయికి తీసుకెళ్లారు. ఆయన చెప్పిన కథల్లో ‘పల్నాటి యుద్ధం’, ‘అల్లూరి సీతారామరాజు’ పేరుపొందాయి. 1943 నాటి బెంగాల్ కరువు మీద కూడా ఆయన కథ చెప్పారు. అప్పటి మద్రాసు ప్రభుత్వం బుర్రకథపై నిషేధం విధించింది. 1986లో నాజర్‌కు పద్మశ్రీ వచ్చింది. 1997లో ఆయన మరణించారు.

అక్షరంలో, వెండితెర మీద

వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా ‘గబ్బిలం’ కావ్యం 1941లో వెలువడింది. గుడిలోకి గబ్బిలానికి ఉన్న ప్రవేశం మనిషికి లేని సమాజపు ద్వంద్వనీతిని ఆ కావ్యం నిలదీసింది. జాషువా రాసింది హాస్యం కాదు, ఆవేదన. అయినా నోట సమత్వం, చేతలో అంటరానితనం అనే వంచనను ఈ నేల మీద నుంచి అంత సూటిగా పట్టుకున్న రచన మరొకటి లేదు. అంతకుముందే కందుకూరి ప్రహసనాలు, గురజాడ ‘కన్యాశుల్కం’, పానుగంటి ‘సాక్షి’ వ్యాసాలు సంఘంలోని పెద్దమనుషుల ముసుగులు తీశాయి. ముళ్లపూడి వెంకటరమణ ‘రాజకీయ బేతాళ పంచవింశతిక’ నేరుగా రాజకీయాల మీద రాసిన హాస్యం. ‘ఈనాడు’లో శ్రీధర్ నాలుగు దశాబ్దాల పాటు వేసిన కార్టూన్లు పల్లెటూరి టీ బంకుల దాకా చేరాయి.

1983లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయ్యాక సినిమాయే రాజకీయ వ్యంగ్యానికి వేదికైంది. 1987లో వచ్చిన ‘మండలాధీశుడు’లో కోట శ్రీనివాసరావు ఎన్టీఆర్‌ను పోలిన పాత్ర వేశారు. అందుకు ఆయన ఎన్టీఆర్ అభిమానుల ఆగ్రహాన్ని ఎదుర్కోవాల్సి వచ్చింది. 1989 నాటి ‘గండిపేట రహస్యం’ కూడా అదే కోవలోనిది. తర్వాత 1999లో కోట విజయవాడ తూర్పు నుంచి బీజేపీ ఎమ్మెల్యే అయ్యారు. తెలుగునాట వ్యంగ్యం చేసేవారికీ రాజకీయం చేసేవారికీ మధ్య గోడ ఎంత పల్చగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఇదే దారిలో పల్నాడుకు సంబంధించిన వ్యక్తి పోసాని కృష్ణమురళి. ఆయన రచన, దర్శకత్వంలో 2007లో వచ్చిన ‘ఆపరేషన్ దుర్యోధన’ అవినీతి రాజకీయాల మీద తీసిన వ్యంగ్య చిత్రం. రెండేళ్లకే ఆయన ప్రజారాజ్యం తరఫున చిలకలూరిపేటలో పోటీచేసి ఓడిపోయారు. తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ పక్షాన నిలిచి, ఆ ప్రభుత్వంలో చలనచిత్ర అభివృద్ధి సంస్థ అధ్యక్షుడయ్యారు. ప్రత్యర్థి నాయకులపై అసభ్య వ్యాఖ్యలు చేశారన్న ఫిర్యాదులతో 2025 ఫిబ్రవరి 26న అరెస్టయ్యారు. నరసరావుపేటలో నమోదైన కేసులో కూడా ఆయనను ఇక్కడి కోర్టుకు తెచ్చారు. ఇది కక్ష సాధింపు అని ఆయన పార్టీ అంది, తిట్లకు శిక్ష అని అధికార పక్షం అంది. వ్యవస్థను చూపించిన సినిమాకూ వ్యక్తులను తిట్టిన ప్రెస్‌మీట్‌కూ ఉన్న తేడా ఆయన జీవితంలోనే కనిపిస్తుంది.

తెలుగు టీవీలో వ్యంగ్యం

1995లో ఈటీవీ, జెమినీ వంటి ప్రైవేటు చానళ్లు వచ్చాయి. 2004లో టీవీ9 రాకతో ఇరవై నాలుగు గంటల వార్తలు మొదలయ్యాయి. వార్తల మధ్య నింపడానికి సినిమా దృశ్యాలకు నాయకుల గొంతు కలిపిన పేరడీలు, మిమిక్రీ, వేషధారణ వచ్చాయి. 2012లో మొదలైన వీ6 చానల్ ‘తీన్మార్ వార్తలు’ పేరుతో తెలంగాణ యాసలో వ్యంగ్య వార్తలు చదివించింది. తీన్మార్ మల్లన్న, బిత్తిరి సత్తి, సావిత్రి ఇంటింటా తెలిసిన పేర్లయ్యారు. బిత్తిరి సత్తి వేసే పాత్ర అన్నీ తప్పుగా అర్థం చేసుకునే అమాయకుడు. బుర్రకథలో హాస్య వంత చేసే పనే అది. పెద్దల మాటను ఉన్నదున్నట్టు నమ్మి ప్రశ్న వేస్తే ఆ మాటలోని డొల్లతనం దానంతట అదే బయటపడుతుంది. ఇతర చానళ్లు ఇదే నమూనాతో ‘జోర్దార్ వార్తలు’, ‘ఇస్మార్ట్ న్యూస్’, ‘గరం గరం వార్తలు’ వంటివి నడిపాయి.

మరోవైపు 2013 ఫిబ్రవరి 7న ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ రాత్రి తొమ్మిదిన్నర వేళను హాస్యానికి స్థిరపరిచింది. కానీ అందులో నాయకుల ప్రస్తావన దాదాపు ఉండదు. న్యాయనిర్ణేతల కుర్చీలో మాత్రం రాజకీయం ఉండేది. రోజా వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేగా ఉంటూ ఆ కుర్చీలో కూర్చున్నారు. 2022 ఏప్రిల్‌లో మంత్రి అయ్యాకే తప్పుకున్నారు. మరో న్యాయనిర్ణేత నాగబాబు 2019లో జనసేన తరఫున లోక్‌సభకు పోటీచేశారు. ‘ఆహా’ వేదికపై 2021 నవంబరులో మొదలైన ‘అన్‌స్టాపబుల్’ అమెరికా తరహా ముచ్చట్ల కార్యక్రమం. దాని వ్యాఖ్యాత బాలకృష్ణ హిందూపురం ఎమ్మెల్యే. 2022 అక్టోబరులో ఆయన తన పార్టీ అధినేత, బావ అయిన చంద్రబాబునే పిలిచి, ఎన్టీఆర్‌ను పదవి నుంచి దించిన 1995 ఆగస్టు సంక్షోభం గురించి అడిగారు. ఆ ఘట్టంపై అతిథి చెప్పిన కథే ప్రేక్షకులకు చేరింది. ఎదురు ప్రశ్న వేసేవారు అక్కడ లేరు. కుర్చీలు, దీపాలు, చప్పట్లు అన్నీ అమెరికా కార్యక్రమాల్లో ఉన్నట్టే ఉన్నాయి, ఆ కార్యక్రమాలకు ప్రాణమైన దూరం లేదు.

బుల్లెట్ న్యూస్ వివాదం

తెలుగు టీవీ వ్యంగ్య చరిత్రలో అన్నిటికంటే పెద్ద వివాదం 2014 జూన్‌లో జరిగింది. కొత్తగా ఏర్పడిన తెలంగాణ శాసనసభలో సభ్యుల ప్రమాణ స్వీకారాన్ని హేళన చేస్తూ టీవీ9 ‘బుల్లెట్ న్యూస్’ ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. అది సభ్యుల ఉచ్చారణను, అలవాట్లను కించపరిచిందని శాసనసభ ఖండించింది. చానల్ క్షమాపణ చెప్పింది. అయినా కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను తెలంగాణలో ఆపేశారు. ఏబీఎన్ తిరిగి రావడానికి చాలా నెలలు పట్టింది.

ఈ ఉదంతంలో రెండు వైపులా తప్పుంది. పదవిలోకి వచ్చిన మొదటి రోజే ఎమ్మెల్యే మాట తప్పడానికి అవకాశం లేదు. అప్పటికి అతని దగ్గర ఉన్నది యాస, తడబాటు మాత్రమే. వాటిని నవ్వుకు గురి చేయడం మనిషి పుట్టుకను, ప్రాంతాన్ని ఎగతాళి చేయడమే. ఇక ఒక కార్యక్రమం తప్పుకు చానల్ మొత్తాన్ని నెలల తరబడి మూయించడం ప్రజాస్వామ్యం చేసే పని కాదు. అదే యాసను ‘తీన్మార్ వార్తలు’ గౌరవంగా నిలబెట్టి, అదే యాసలో నాయకులను ప్రశ్నించింది. హేళనకూ వ్యంగ్యానికీ తేడా ఏమిటో ఈ రెండు కార్యక్రమాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

శ్యాంబాబు ఉదంతం

పల్నాడు సొంతంగా వార్తల్లో నిలిచిన వ్యంగ్య వివాదం 2023లో సత్తెనపల్లి చుట్టూ నడిచింది. అప్పటి ఎమ్మెల్యే అంబటి రాంబాబు రాష్ట్ర జలవనరుల మంత్రి కూడా. ఆ ఏడాది సంక్రాంతికి సత్తెనపల్లిలో జరిగిన భోగి వేడుకల్లో ఆయన డప్పు మోతకు స్టెప్పులేశారు. వీడియో రాష్ట్రమంతా తిరిగింది. ప్రత్యర్థులు ఆయనను ‘సంబరాల రాంబాబు’ అన్నారు.

జులై 28న జనసేన అధినేత పవన్ కల్యాణ్, సాయిధరమ్ తేజ్ నటించిన ‘బ్రో’ విడుదలైంది. సముద్రఖని దర్శకుడు, త్రివిక్రమ్ మాటల రచయిత. అందులో పబ్బు దృశ్యంలో పృథ్వీరాజ్ ‘శ్యాంబాబు’ అనే పాత్రలో కనిపిస్తాడు. దుస్తుల తీరు, అడుగులు మంత్రి భోగి డాన్సును తలపిస్తాయి. పవన్ పాత్ర వచ్చి ఆ డాన్సును మందలిస్తుంది. ఆ దృశ్యంలో ఉన్నది అంతే. కానీ అంబటి వరుసగా ప్రెస్‌మీట్లు పెట్టారు. ఆ పాత్ర తనదేనన్నారు, పవన్ పారితోషికం లెక్కలు అడిగారు, పవన్ జీవితం మీద తానూ సినిమా తీస్తానన్నారు, ఫిర్యాదు కోసం ఢిల్లీ వెళ్లారు. పృథ్వీరాజ్ మాత్రం ఆ పాత్ర ఎవరినీ ఉద్దేశించింది కాదన్నారు. ఆయన 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం నియమించిన ఎస్వీబీసీ భక్తి చానల్ చైర్మన్. తర్వాత జనసేనలో చేరారు.

ఈ రగడ కొన్ని వారాలు నడిచింది. ఆ వారాల్లో చర్చ అంతా డాన్సు గురించి, పారితోషికం గురించి, పవన్ పెళ్లిళ్ల గురించి. జలవనరుల మంత్రిని సినిమా గానీ, ఆ సినిమా మీద చర్చ పెట్టిన చానళ్లు గానీ నీళ్ల గురించి దాదాపు అడగలేదు. పండగ నాడు ఒక మనిషి నాట్యం చేస్తే అందులో వంచన లేదు. వ్యంగ్యం వెళ్లాల్సిన చోటు వేరే ఉంది. అది పల్నాడులోనే ఉంది.

మాట, చేత: వరికపూడిశెల

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. మాచర్ల పక్కనే ఉన్న ఆ జలాశయం నుంచి కుడి కాలువ దూర ప్రాంతాలకు నీరిస్తుంది. కానీ వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి ఎత్తు మండలాల పొలాలకు ఆ నీరు ఎక్కదు. వాటి కోసం వరికపూడిశెల ఎత్తిపోతల పథకం దశాబ్దాలుగా ప్రతి ఎన్నికలోనూ హామీగా వినిపిస్తోంది. పులుల అభయారణ్యం అడ్డంగా ఉండటంతో అటవీ, వన్యప్రాణి అనుమతులు కావాలి.

2023 నవంబరు 15న అప్పటి ముఖ్యమంత్రి జగన్ మాచర్లలో ఈ పథకం తొలి దశకు శంకుస్థాపన చేశారు. సుమారు 340 కోట్ల రూపాయల వ్యయంతో 24,900 ఎకరాలకు నీరిస్తామన్నారు. అదే సభలో ఆయన, తనకు ముందు ముఖ్యమంత్రిగా ఉన్న చంద్రబాబు 2019 ఎన్నికల ముందు అనుమతుల్లేకుండానే టెంకాయ కొట్టి వెళ్లారని విమర్శించారు. ఆ విమర్శ చేసిన సభకూ తర్వాతి పోలింగుకూ మధ్య గడువు ఆరు నెలలు. 2024 పోలింగు నాటికి ఆ పొలాలకు నీరు పారలేదు. ఒకే పథకానికి రెండు ప్రభుత్వాలు ఎన్నికల ముంగిట కొట్టిన కొబ్బరికాయల దృశ్యాలు చానళ్ల దగ్గర ఉన్నాయి. వాటిని వరుసగా చూపించి, వెల్దుర్తి రైతును ఒక్క ప్రశ్న అడిగితే అది అసలైన రాజకీయ వ్యంగ్యం అయ్యేది.

ప్రత్యేక హోదా కథ ఇంకా పెద్దది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్ల హోదా ప్రకటించారు. పదేళ్లు కావాలని వెంకయ్యనాయుడు అడిగారు. అదే ఏడాది ఏప్రిల్లో తిరుపతి సభలో నరేంద్ర మోదీ హామీలిచ్చారు. 2016లో చంద్రబాబు ప్రత్యేక ప్యాకేజీని స్వాగతించారు. 2018 మార్చిలో హోదా పేరుతోనే ఎన్డీయే నుంచి బయటికొచ్చారు. 2024లో మళ్లీ అదే కూటమిలో చేరారు. ఎంపీలను గెలిపిస్తే హోదా తెస్తామన్న జగన్, 22 మంది ఎంపీలను గెలిచాక కేంద్రాన్ని అడుగుతూనే ఉంటామనడం దగ్గర ఆగారు. కాంగ్రెస్, బీజేపీ, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ నాలుగింటికీ ఈ కథలో వాటా ఉంది. నాలుగు పార్టీలనూ వరుసగా చూపించిన తెలుగు టీవీ హాస్య కార్యక్రమం మాత్రం అరుదు.

ప్రపంచ అనుభవం

పాత దృశ్యం, కొత్త దృశ్యం పక్కపక్కన పెట్టే పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలోని ‘ది డైలీ షో’. 1996లో మొదలైన ఆ కార్యక్రమాన్ని 1999 నుంచి 2015 వరకు జాన్ స్టీవర్ట్ నడిపారు. నాయకుడు నేడు అన్న మాట, ఐదేళ్ల కిందట అన్న మాట చూపించి మౌనంగా కెమెరా వైపు చూడటం ఆయన ఆయుధం. 1975 నుంచి ‘సాటర్డే నైట్ లైవ్’ అధ్యక్షులకు వేషాలు వేస్తోంది. బ్రిటన్‌లో 1984లో మొదలైన ‘స్పిటింగ్ ఇమేజ్’ ఈ పని బొమ్మలతో చేసింది. ఈజిప్టులో బాసెమ్ యూసెఫ్ కార్యక్రమం 2014లో ఆగిపోయింది. అమెరికాలోనే 2025 సెప్టెంబరులో జిమ్మీ కిమ్మెల్ కార్యక్రమాన్ని కొన్ని రోజులు నిలిపేశారు. మన దేశంలో జస్పాల్ భట్టి 1989లో దూరదర్శన్ మీదే ‘ఫ్లాప్ షో’ ద్వారా సర్కారీ అవినీతిని నవ్వించి చూపారు. 2025 మార్చిలో కునాల్ కామ్రా ప్రదర్శన వీడియోపై ఆగ్రహంతో ముంబైలో ఆ వేదికను ధ్వంసం చేశారు.

మీమ్‌ల కాలం

ఇప్పుడు రాజకీయ వ్యంగ్యం ఎక్కువగా ఫోన్‌లోనే నడుస్తోంది. దీనికి ముఖంగా మారినది కూడా పల్నాడు మనిషే. సత్తెనపల్లికి దగ్గర్లోని చాగంటివారిపాలెంలో 1956లో పుట్టిన బ్రహ్మానందం సినిమాల్లో పలికించిన హావభావాలు తెలుగు మీమ్‌లకు అక్షరమాల అయ్యాయి. నాయకుడి హామీ పక్కన బ్రహ్మానందం చూపు ఒక్కటి పెడితే వ్యాఖ్య అక్కర్లేదు. ఏ పార్టీ అయినా వాడుకునేది ఆ ముఖాన్నే.

2024 మే 13న పోలింగ్ రోజు రెంటచింతల మండలం పాల్వాయి గేటు కేంద్రంలో అప్పటి మాచర్ల ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి ఈవీఎంను నేలకేసి కొట్టిన దృశ్యం వెబ్‌కాస్టింగ్ కెమెరాలో నమోదైంది. వారం తర్వాత అది బయటికొచ్చి దేశమంతా తిరిగింది. మీమ్‌లు వెల్లువెత్తాయి. ఆ దృశ్యానికి హాస్య రచయిత అవసరం లేకపోయింది. అయితే నవ్వులో కొట్టుకుపోకూడని సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో పల్నాడులో ఇళ్ల మీద దాడులు జరిగాయి, జనం గాయపడ్డారు, 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. దెబ్బ తిన్నవారి ఇంటి ముందు నవ్వు సరిపోదు. అక్కడ విలేకరి పని, న్యాయస్థానం పని మొదలవుతాయి.

చట్టం, నిర్బంధం

2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది. అయినా 2017 ఏప్రిల్‌లో శాసనమండలిపై కార్టూన్ పెట్టిన ‘పొలిటికల్ పంచ్’ ఫేస్‌బుక్ పేజీ నిర్వాహకుడిని తెలుగుదేశం ప్రభుత్వ పోలీసులు అరెస్టు చేశారు. అప్పుడు వైఎస్సార్ కాంగ్రెస్ భావప్రకటనా స్వేచ్ఛ గురించి మాట్లాడింది. అధికారంలోకి వచ్చాక 2019 అక్టోబరులో వార్తలపై కేసులు పెట్టే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇస్తూ జీవో 2430 తెచ్చింది. 2020లో ఫేస్‌బుక్ పోస్టు పెట్టినందుకు గుంటూరులో ఒక వృద్ధురాలికి సీఐడీ నోటీసు ఇచ్చింది. అప్పుడు తెలుగుదేశం స్వేచ్ఛ గురించి మాట్లాడింది. 2024 నవంబరు నుంచి తెలుగుదేశం కూటమి ప్రభుత్వంలో సోషల్ మీడియా పోస్టులపై వరుసగా కేసులు నమోదయ్యాయి. స్వేచ్ఛ గురించి మాట్లాడే వంతు మళ్లీ వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చింది.

చానళ్ల విషయంలోనూ ఇదే వరస. 2019 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కేబుల్‌లో ఏబీఎన్, టీవీ5 ఆగిపోయాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ, 10టీవీ ఆగిపోయాయి. 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు కవిత్వం, నాటకం, సినిమా, వ్యంగ్యం మనిషి జీవితానికి అర్థాన్నిస్తాయని, పోలీసులు ఇలాంటి ఫిర్యాదులపై కేసు పెట్టేముందు ప్రాథమిక విచారణ జరిపే వీలుందని గుర్తుచేసింది. తిట్టు వేరు, వ్యంగ్యం వేరు. కుటుంబాల్లోని ఆడవాళ్లను తిట్టే పోస్టులకు ఈ రక్షణ అడగడం కూడా ఒక వంచనే.

విమర్శలు, పరిమితులు

తెలుగు టీవీ వ్యంగ్యంపై ప్రధాన విమర్శ అది ఒంటికన్నుతో చూస్తుందన్నది. ‘సాక్షి’ జగన్ కుటుంబానిది. టీవీ5 అధినేత బి.ఆర్. నాయుడు 2024లో టీటీడీ చైర్మన్ అయ్యారు. ప్రతి చానల్‌కూ ఎదుటి పక్షపు వంచన బ్రహ్మాండంగా కనిపిస్తుంది, సొంత పక్షానిది కనిపించదు. గురివింద గింజ తన నలుపు ఎరగదన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. రెండో విమర్శ, నవ్వించేవారే అభ్యర్థులవుతున్నారన్నది. తీన్మార్ మల్లన్న 2024లో కాంగ్రెస్ తరఫున ఎమ్మెల్సీ అయి, మరుసటి ఏడాది ఆ పార్టీ నుంచి సస్పెండై, సొంత పార్టీ పెట్టారు. కళాకారుడికి రాజకీయ హక్కు ఉంది. కానీ కండువా వేసుకున్న రోజే అతని నవ్వు మీద ప్రజలకున్న నమ్మకం సగం పోతుంది. మూడో విమర్శ, వ్యంగ్యం మాట మార్చినవాడి మాటను వదిలి అతని శరీరాన్ని, యాసను, ఇంటి గొడవలను పట్టుకుంటోందన్నది. బుల్లెట్ న్యూస్ నుంచి శ్యాంబాబు దాకా జరిగింది ఇదే.

ఈ మూడింటికీ మందు పాత బుర్రకథ వేదిక మీదే ఉంది. రాజకీయ వంత కథలోని రాజును వదిలిపెట్టలేదు, ఊళ్లోని పెద్దనూ వదిలిపెట్టలేదు. అతనికి ఒక చానల్ యజమాని లేడు, ఎదురుగా కూర్చున్న ఊరే అతనికి లెక్క అడిగేది. పల్నాడు ఓటరు 2019లో ఏడుకు ఏడు, 2024లో ఏడుకు ఏడు ఇచ్చి మాట తప్పినవారిని తాను గుర్తుపెట్టుకుంటానని రెండుసార్లు చెప్పాడు. తెలుగు టీవీ ఆ జ్ఞాపకశక్తిలో సగమైనా చూపాలి. ప్రేక్షకులుగా మనం చేయాల్సింది కూడా ఒకటుంది. ఎదుటి పార్టీ నాయకుడి పాత వీడియో పంపేముందు, మనం ఓటేసిన నాయకుడి పాత వీడియో కూడా వెతికి చూసుకోవాలి. రెండూ చూసి నవ్వగలిగినవారికే నాయకుడిని ప్రశ్నించే హక్కు నిండుగా ఉంటుంది.